చేతిలో ముక్క లేనప్పుడు



సంక్రాంతికి అల్లుళ్లు దిగిన ఇళ్లలో వరండా మీద చాప పరిచి పేక కట్ట తీయడం మనకు అలవాటే. ఒక పక్క పదమూడు ముక్కల రమ్మీ నడుస్తుంది, ఇంకో పక్క మూడు ముక్కలాట. ఈ రెండూ తెలిసినవాళ్లకు పోకర్ నేర్చుకోవడం ఒక సాయంత్రం పని. బాగా ఆడటం మాత్రం ఏళ్ల పని. ముక్కల వరసలు గంటలో నోటికొచ్చేస్తాయి. చేతిలో ఏమీ లేనప్పుడు పందెం ఎందుకు పెంచాలి, ఎవరి మీద పెంచాలి, ఎప్పుడు నోరు మూసుకుని ముక్కలు కింద పడేయాలి అన్నది అంత తొందరగా పట్టుబడదు. ముక్క లేకుండా పందెం పెంచడాన్నే బ్లఫ్ అంటారు. ముందు ఆట సంగతి గబగబా చెప్పేసి, బ్లఫ్ దగ్గర కాస్త తీరిగ్గా కూర్చుంటాను.

ఈ ఆట అమెరికాలో నదుల మీద పెరిగింది. జోసెఫ్ కోవెల్ అనే ఇంగ్లీషు రంగస్థల నటుడు 1829లో ఆవిరి పడవలో న్యూ ఆర్లియన్స్ వెళుతూ, తోటి ప్రయాణికులు పోకర్ ఆడటం చూశాడు. ఆ సంగతి తన జ్ఞాపకాల పుస్తకంలో రాశాడు. అప్పట్లో కట్టలో ఇరవై ముక్కలే. నలుగురు కూర్చుని తలా ఐదు పంచుకుంటే కట్ట ఖాళీ. 52 ముక్కల కట్ట తర్వాత వచ్చింది. ఇవాళ ఎక్కడ చూసినా ఆడుతున్న రకం పేరు టెక్సస్ హోల్డెమ్. రాబ్స్‌టౌన్ అనే చిన్న ఊరు దానికి పుట్టినిల్లని టెక్సస్ శాసనసభ 2007లో తీర్మానం కూడా చేసింది. అది 1960లలో లాస్ వేగాస్ చేరింది. 1970లో బెన్నీ బినియన్ అనే కాసినో యజమాని పేరున్న ఆటగాళ్లను తన హార్స్‌షూ కాసినోకి పిలిచి వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మొదలుపెట్టాడు. తమాషా ఏమిటంటే, ఆ మొదటి ఏడాది విజేత ఎవరో ఆటగాళ్లే ఓట్లేసి తేల్చారు. జానీ మాస్‌కి పడ్డాయి ఓట్లు.

ఇక ఆట. బల్ల చుట్టూ ఆరుగురు కూర్చున్నారనుకుందాం. ఒకరి ముందు డీలర్ బటన్ అనే బిళ్ల ఉంటుంది. ప్రతి పంపకానికీ అది ఎడమ పక్క మనిషి దగ్గరికి జరుగుతుంది. బటన్‌కి ఎడమ పక్కనున్న ఇద్దరూ ముక్కలు చూడకముందే కొంత కట్టాలి. ఒకరిది చిన్న బ్లైండు, రెండోవారిది పెద్ద బ్లైండు. తర్వాత అందరికీ తలా రెండు ముక్కలు బోర్లా పంచుతారు. అవి చూసుకుని ఒక చుట్టు పందెం. ఎదుటివాళ్లు వేసినంతా వేస్తే కాల్, ఇంకా పెంచితే రైజ్, మనవల్ల కాదనుకుని ముక్కలు పడేస్తే ఫోల్డ్. ఎవరూ ఇంకా పందెం వేయకపోతే మనమూ వేయకుండా ఊరుకోవచ్చు, అది చెక్. ఆ చుట్టు అయ్యాక బల్ల మధ్యలో మూడు ముక్కలు తిరగేస్తారు. దాని పేరు ఫ్లాప్. మళ్లీ పందెం. నాలుగో ముక్క టర్న్, మళ్లీ పందెం. ఐదో ముక్క రివర్, ఆఖరి పందెం. బల్ల మీది ఐదూ అందరివీ. మన రెండూ, ఆ ఐదూ కలిపి ఏడులోంచి ఎవరికి వాళ్లు మంచి ఐదు ఏరుకోవాలి. చివరిదాకా ఇద్దరో ముగ్గురో మిగిలితే ముక్కలు చూపిస్తారు, పెద్ద చెయ్యి ఉన్నవాళ్లు మధ్యలో పోగుపడిన పాట్ తీసుకుంటారు.

మరి మిగతా అందరూ ఫోల్డ్ చేసేసి ఒక్కరే మిగిలితే? పాట్ ఆ ఒక్కరిదే. ముక్కలు చూపించక్కర్లేదు. బ్లఫ్ అనే విద్యంతా ఈ ఒక్క నియమం నుంచి పుట్టింది.

ముక్కల వరసలు కింద నుంచి పైకి చెబుతాను, కాగితం ఉంటే రాసుకోండి. ఏమీ కుదరనప్పుడు పెద్ద ముక్క ఎవరిదైతే వాళ్లది. దాని మీద ఒక జత. ఆ పైన రెండు జతలు. ఆ పైన ఒకే అంకెవి మూడు. ఆ పైన వరసగా ఐదు, ఏ రంగైనా సరే, అది స్ట్రెయిట్. ఆ పైన ఒకే గుర్తువి ఐదు, అన్నీ ఇస్పేట్లో అన్నీ కళావర్లో అయితే, అది ఫ్లష్. ఆ పైన మూడూ రెండూ కలిసిన ఫుల్ హౌస్. ఆ పైన ఒకే అంకెవి నాలుగు. ఆ పైన ఒకే గుర్తులో వరసగా ఐదు, స్ట్రెయిట్ ఫ్లష్. అందులో పది, జాకీ, రాణి, రాజు, ఆసు పడితే రాయల్ ఫ్లష్. కట్ట మొత్తానికి అలాంటి చేతులు నాలుగే నాలుగు.

మూడు ముక్కలాట అలవాటున్నవాళ్లు ఇక్కడ ఒకచోట తడబడతారు. మన ఆటలో సీక్వెన్స్ పెద్దది, కలర్ చిన్నది. పోకర్‌లో అది తిరగబడుతుంది. ఫ్లష్ పెద్దది, స్ట్రెయిట్ చిన్నది. ఇదేం తిరకాసని కొందరు చిరాకు పడతారు గానీ లెక్క చూస్తే రెండూ సబబే. 52 ముక్కల్లోంచి మూడు తీస్తే 22,100 రకాల చేతులు వస్తాయి. వాటిలో కలర్లు 1,096, సీక్వెన్సులు 720. సీక్వెన్స్ అరుదు కాబట్టి దానిదే పైచెయ్యి. అదే ఐదు ముక్కలు తీస్తే 25,98,960 చేతులు. వాటిలో స్ట్రెయిట్లు 10,200 ఉంటే ఫ్లష్‌లు 5,108 మాత్రమే. ఇక్కడ ఫ్లష్ అరుదు, కాబట్టి అది పైకెక్కింది. పోకర్‌లో వరస మొత్తం ఈ లెక్క ప్రకారమే ఉంటుంది. నిజానికి లెక్క తప్పింది మన మూడు ముక్కలాటే. ఒకే అంకెవి మూడు, అంటే ట్రయల్, పడే తీర్లు 52. ఒకే గుర్తులో వరసగా మూడు, అంటే ప్యూర్ సీక్వెన్స్, పడే తీర్లు 48. అరుదైనది ప్యూర్ సీక్వెన్సే అయినా పెద్దపీట ట్రయల్‌కి వేశాం. మూడు ఆసులు కళ్లబడ్డాక లెక్కలు ఎవరికి గుర్తుంటాయి!

అదే లెక్కలో ఇంకో అంకె బ్లఫ్‌కి బాగా పనికొస్తుంది. ఐదు ముక్కల చేతుల్లో ఏమీ కుదరనివి 13,02,540. అంటే సగానికి ఓ పిసరు ఎక్కువ. టెక్సస్ హోల్డెమ్‌లో పంచిన రెండు ముక్కలూ జత పడటం పదిహేడుసార్లకు ఒకసారి. రెండు ఆసులు రావడం 221 పంపకాలకు ఒకసారి. జత లేని రెండు ముక్కలతో ఫ్లాప్ దాకా వెళితే, మూడుసార్లలో రెండుసార్లు అక్కడ కూడా జత కుదరదు. తెలుసుకోవాల్సింది ఇదే. చాలాసార్లు బల్ల చుట్టూ ఉన్న ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు. మీకు లేదు, ఎదుటివాళ్లకూ లేదు. అలాంటప్పుడు పాట్ ఎవరిదంటే, ముందు అడిగినవాళ్లది.

సినిమాలు చూసి ఈ సంగతి మరిచిపోతాం. 2006లో వచ్చిన కాసినో రాయల్ సినిమాలో జేమ్స్ బాండ్ ఆఖరి ఆటలో నలుగురు మిగులుతారు. ఒకరికి ఫ్లష్, ఇద్దరికి ఫుల్ హౌస్, బాండ్‌కి స్ట్రెయిట్ ఫ్లష్. ఒకే పంపకంలో ఇన్ని! చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది గానీ ఆట నేర్చుకోవాలనుకునేవాళ్లకు అంతకంటే చెడ్డ పాఠం లేదు. అసలు ఆటలో ఎక్కువ పాట్‌లు జత ఉన్నవాళ్లో, జత కూడా లేనివాళ్లో పట్టుకుపోతారు.

కొత్తగా కూర్చున్నవాళ్లు ముందు నేర్చుకోవాల్సింది పడేయడం. రమ్మీలో డ్రాప్ కొట్టడం తెలిసినవాళ్లకి ఇది కష్టం కాదు. రెండు ముక్కలు చూడగానే నచ్చలేదా, పడేయండి. ఏడు, రెండు వేర్వేరు గుర్తుల్లో వచ్చాయా, ఆలోచించకుండా పడేయండి, అంతకంటే పనికిమాలిన జోడీ లేదంటారు. ఆసుతో రాజు, పెద్ద జతలు, ఒకే గుర్తులో పక్కపక్క పెద్ద ముక్కలు, మొదట్లో ఇలాంటివి ఉంటేనే ఆడండి. ఇంకొకటి, మీ వంతు ఎప్పుడొస్తుందో చూసుకోండి. బటన్ మీ ముందుంటే ఫ్లాప్ తర్వాత ప్రతి చుట్టులోనూ అందరికంటే ఆఖరున మాట్లాడేది మీరే. మిగతావాళ్లు ఏం చేశారో చూసి మీరు తేల్చుకోవచ్చు. అదే ముక్కలతో ముందు మాట్లాడాల్సి వస్తే చీకట్లో రాయి వేసినట్టే.

ఇప్పుడు బ్లఫ్ దగ్గరికి వద్దాం.

మేకపోతు గాంభీర్యం కథ మీరంతా చిన్నప్పుడు విన్నదే. మందలోంచి తప్పిపోయిన మేకపోతు చీకటి పడి ఒక గుహలో దూరింది. అది సింహం గుహ. సింహం తిరిగొచ్చింది. మేకపోతు గడ్డం ఊపి, ఇన్ని ఏనుగుల్ని తిన్నాను, ఇన్ని పులుల్ని తిన్నాను, ఇక సింహాలు మిగిలాయి అంది. సింహం పరుగో పరుగు. దారిలో నక్క కలిసి, అది ఉత్త మేక అని నచ్చజెప్పి వెనక్కి తీసుకొచ్చింది. మేకపోతు ఈసారి నక్క వైపు తిరిగి, పది సింహాల్ని తెమ్మంటే ఒక్కదాన్ని తెచ్చావేమిటని గద్దించింది. సింహం మళ్లీ పరుగు. పోకర్ ఆటగాడి కళ్లతో ఈ కథ చూడండి. మొదటి బ్లఫ్ మీద అనుమానం వచ్చినప్పుడు మేకపోతు తగ్గలేదు, మాట మార్చలేదు, అదే కథను ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లింది. సింహానికి పారిపోయే దారుంది. మేకపోతు మొహం గుహ చీకట్లో సరిగా కనబడదు. ఈ మూడూ కుదిరాయి కాబట్టే బతికింది. తెల్లటి ఎండలో, మూలకు చిక్కిన సింహం ముందు అదే మాట అని ఉంటే కథ అక్కడితో అయిపోయేది.

ఇక నిజంగా జరిగిన ఒక పంపకం చెబుతాను. 2003 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్. 839 మంది ఆడారు. ఆఖరికి ఇద్దరు మిగిలారు. ఒకరు సామ్ ఫర్హా, అనుభవం ఉన్న ప్రొఫెషనల్, నోట్లో వెలిగించని సిగరెట్టు. రెండోవారు టెనెస్సీకి చెందిన అకౌంటెంటు క్రిస్ మనీమేకర్. టోపీ, నల్ల కళ్లద్దాలు. చిన్న ఫీజు కట్టి ఆన్‌లైన్ పోటీలో గెలిచి, ఆ టికెట్టుతో వచ్చినవాడు.

మనీమేకర్ చేతిలో ఇస్పేటు రాజు, ఆఠీను ఏడు. ఫర్హా చేతిలో ఇస్పేటు రాణి, ఆఠీను తొమ్మిది. పందెం బిళ్లల్ని చిప్పులంటారు. మనీమేకర్ లక్ష చిప్పులకు పెంచితే ఫర్హా కాల్ చేశాడు. ఫ్లాప్‌లో ఇస్పేటు తొమ్మిది, డైమండు రెండు, ఇస్పేటు ఆరు. ఫర్హాకి తొమ్మిదుల జత కుదిరింది. ఇద్దరూ చెక్. టర్న్‌లో ఇస్పేటు ఎనిమిది. ఇప్పుడు బల్ల మీద మూడు ఇస్పేట్లు. ఫర్హా మూడు లక్షలు వేశాడు. మనీమేకర్ దాన్ని ఎనిమిది లక్షలకు పెంచాడు. ఇక్కడ ఆగి చూడండి. అతని చేతిలో ఇంకా ఏమీ లేదు. కానీ ఇంకో ఇస్పేటు పడితే రాజుతో ఫ్లష్. పది గానీ ఐదు గానీ పడితే స్ట్రెయిట్. అంటే ఎదుటివాడు పడేస్తే ఇప్పుడే పాట్ వస్తుంది, పడేయకపోయినా ఇంకో ముక్క మీద ఆశ ఉంది. దీన్ని సెమీ బ్లఫ్ అంటారు. డేవిడ్ స్క్లాన్‌స్కీ అనే ఆటగాడు తన పుస్తకాల్లో దీని గురించి విడమరచి రాశాడు. నా మటుకు నేను కొత్తవాళ్లకు చెప్పే బ్లఫ్ ఇదొక్కటే. మిగతావి తర్వాత నేర్చుకోవచ్చు.

ఫర్హా కాల్ చేశాడు. రివర్‌లో ఆఠీను మూడు. అందులో ఎవరికీ ఏమీ రాలేదు. ఫర్హా చెక్ చేశాడు. మనీమేకర్ ఆల్ ఇన్ అన్నాడు, తన చిప్పులన్నీ ముందుకు. బల్ల మధ్యలో అప్పటికే దాదాపు పద్దెనిమిది లక్షల చిప్పులున్నాయి. ఫర్హా చాలాసేపు చూశాడు. నీ ఫ్లష్ తప్పినట్టుందే అని పైకే అన్నాడు కూడా. సరిగ్గా అదే జరిగింది! అయినా తొమ్మిదుల జత పడేశాడు. ఎందుకంటే మనీమేకర్ చెప్పిన కథలో ఎక్కడా అతుకు కనబడలేదు. మూడో ఇస్పేటు పడగానే పెంచాడు, ఆఖర్న అన్నీ పెట్టాడు. నిజంగా ఫ్లష్ ఉన్నవాడు కూడా అలాగే ఆడతాడు. పైగా పోటీ మొత్తం ఆ ఒక్క జత మీద పందెం కాయడానికి ఫర్హా లాంటి ప్రొఫెషనల్ ఇష్టపడడు. తర్వాత నెమ్మదిగా గెలవొచ్చని అనుకుంటాడు. బ్లఫ్ పారింది అక్కడే. ఆ రాత్రే కొంతసేపటికి చిన్న జతల నుంచి ఫుల్ హౌస్ కుదిరి మనీమేకర్ గెలిచాడు. బహుమతి 25 లక్షల డాలర్లు.

టీవీలో చూసేవాళ్లకు బోర్లా ముక్కలు కూడా కనబడేలా బల్ల దగ్గర చిన్న కెమెరాలు పెట్టారు. తర్వాత ప్రసారమైనప్పుడు ప్రపంచమంతా ఆ ఉత్త చేతిని చూసింది, ఆ రాత్రి ఫర్హా మాత్రం చూడలేకపోయాడు. మరుసటి ఏడాది ఆ పోటీకి 2,576 మంది వచ్చారు, 2006 నాటికి 8,773 మంది.

ఈ పంపకంలోంచే బ్లఫ్‌కి ముందు వేసుకోవాల్సిన ప్రశ్నలు దొరుకుతాయి. నాకు ఫలానా చెయ్యి ఉంటే మొదటినుంచీ ఇలాగే ఆడి ఉండేదాన్నా? ఫ్లాప్‌లో ఊరుకుని, టర్న్‌లో ఊరుకుని, రివర్‌లో హఠాత్తుగా కొండంత పందెం వేస్తే ఎవరు నమ్ముతారు? మూడు ముక్కలాటలో అన్నీ బోర్లానే కాబట్టి ఎంత పెంచినా మొండితనంగా చెల్లిపోతుంది. ఇక్కడ ఐదు ముక్కలు అందరి కళ్లెదుటా ఉన్నాయి. మీ పందెం వాటితో సరిపోలాలి. బల్ల మీద మూడు ఇస్పేట్లుంటే ఫ్లష్ ఉన్నట్టు నటించవచ్చు. బల్ల మీద రెండు, ఏడు, జాకీ మూడూ మూడు గుర్తుల్లో పడి ఉంటే దేనికి భయపడాలి ఎదుటివాళ్లు?

తర్వాత ప్రశ్న, ఎవరి మీద? పడేయగలిగిన మనిషి మీదే బ్లఫ్ చేయాలి. కొత్తగా వచ్చినవాళ్లు, కుతూహలం ఎక్కువున్నవాళ్లు, ఏముందో చూద్దాం అని ప్రతిదానికీ కాల్ చేసేవాళ్లు ఉంటారు. వాళ్ల మీద బ్లఫ్ చేయడం డబ్బు నదిలో వేయడమే. వాళ్ల మీద మీకు మంచి చెయ్యి వచ్చినప్పుడు పందెం వేయండి, వాళ్లే ఇస్తారు. అప్పటికే ఓడిపోయి ఉడికిపోతున్నవాళ్ల జోలికీ వెళ్లకండి. చిప్పులు నాలుగే మిగిలినవాళ్లు కూడా ఎలాగూ పోయేదేగా అని కాల్ చేస్తారు. ఇంకో లెక్క చూడండి. ఒక మనిషి పడేసే అవకాశం సగం అనుకుంటే, ఇద్దరూ పడేసే అవకాశం నాలుగో వంతు, ముగ్గురూ పడేసేది ఎనిమిదో వంతు. అందుకే నలుగురున్న పాట్‌లో బ్లఫ్ వద్దు. ఒకరే మిగిలినప్పుడు చూద్దాం.

పందెం ఎంత వేయాలన్నది కూడా ఊరికే నోటికొచ్చిన అంకె కాకూడదు. పాట్‌లో 100 చిప్పులున్నాయి, మీరు 50 వేసి బ్లఫ్ చేశారు. ఎదుటివారు పడేస్తే మీకు 100. కాల్ చేస్తే మీకు పోయేది 50. అంటే మూడుసార్లలో ఒకసారి పారినా మీకు నష్టం లేదు. అదే 100 వేస్తే రెండుసార్లలో ఒకసారి పారాలి. ఎదుటివైపు నుంచి చూడండి. మీరు 50 వేశాక ఆ మనిషి 50 పెట్టి 150 కోసం ఆడుతున్నాడు. నాలుగుసార్లలో ఒకసారి మీరు అబద్ధం చెబుతున్నారని అతనికి తోస్తే కాల్ చేసినా నష్టం లేదు. కాబట్టి పాట్‌లో సగం వేసేటప్పుడు నాలుగు పందేల్లో మూడు నిజం, ఒకటి అబద్ధం. అంతకుమించి అబద్ధాలాడితే మనకే దెబ్బ. అసలు అబద్ధమే ఆడకపోయినా నష్టమే, మనం పెంచిన ప్రతిసారీ అందరూ ముక్కలు పడేసి చక్కా పోతారు.

ఈ చివరి ముక్క గణితంలో తేల్చినవాడు జాన్ వాన్ న్యూమన్. హంగేరీలో పుట్టి అమెరికా వెళ్లిన మహా గణిత శాస్త్రవేత్త. ఆస్కార్ మోర్గెన్‌స్టర్న్‌తో కలిసి 1944లో తెచ్చిన గేమ్ థియరీ గ్రంథంలో పోకర్‌కి, బ్లఫ్‌కి ప్రత్యేకంగా చోటిచ్చాడు. పోకర్‌ని చిన్నది చేసి, ఇద్దరాడే నమూనాగా మార్చి లెక్క కట్టాడు. తేలిందేమిటంటే, బ్లఫ్ చేయాల్సింది అన్నిటికంటే చెత్త చేతులతో. మధ్యరకం చేతులతో చెక్ చేసి ఊరుకోవాలి. కొత్తవాళ్లు దీనికి సరిగ్గా తలకిందులుగా చేస్తారు. చిన్న జత ఉంటే ధైర్యం వచ్చి పెంచుతారు, ఏమీ లేకపోతే పడేస్తారు. చిన్న జత చూపించుకునేదాకా వెళితే గెలిచే అవకాశం కొంత ఉంది, దాన్నెందుకు పాడుచేసుకోవడం? ఏమీ లేని చేతికి చూపిస్తే గెలుపు లేదు. గెలవాలంటే ఎదుటివారు పడేయాలి, అంతే.

అన్ని బ్లఫ్‌లూ పందెంతోనే ఉండవు. జాక్ స్ట్రాస్ అని ఆరున్నర అడుగుల ఆజానుబాహుడు ఉండేవాడు, 1982లో వరల్డ్ సిరీస్ గెలిచాడు. అతని గురించి పోకర్ బల్లల దగ్గర తరచూ చెప్పుకునే ముచ్చట ఒకటుంది. చేతిలో అదే పనికిమాలిన జోడీ, ఏడు, రెండు. ఫ్లాప్‌లో ఏడు, మూడు, మూడు. ఎదుటివాడికి అంతకంటే పెద్ద జత ఉందని అతని రైజ్ చూసి స్ట్రాస్‌కి అర్థమైపోయింది. టర్న్‌లో ఒక రెండు పడింది. స్ట్రాస్ పెద్ద పందెం వేసి, ఎదుటివాడు తటపటాయిస్తుంటే, ఒక్క పాతిక డాలర్ల చిప్పు ఇస్తే నా రెండు ముక్కల్లో నువ్వు చెప్పింది చూపిస్తానన్నాడు. ఎదుటివాడు చిప్పు ఇచ్చి ఒకదాని మీద వేలు పెట్టాడు. తిప్పితే రెండు. ఏది అడిగినా చూపిస్తానంటున్నాడంటే రెండూ ఒకే అంకె అయి ఉండాలి, అంటే రెండుల జతతో ఫుల్ హౌస్ అని తనకు తానే చెప్పుకుని పడేశాడా మనిషి. స్ట్రాస్ అబద్ధం ఒక్కటి కూడా ఆడలేదు.

మొహం చూసి కనిపెట్టే విద్య గురించి జనం చాలా అడుగుతారు. మైక్ కారో 1984లో దాని మీదే పుస్తకం తెచ్చాడు. అందులో ఒక మంచి మాట ఉంది. పందెం వేసేటప్పుడు చేతులు వణుకుతుంటే భయం అనుకుంటాం, ఎక్కువసార్లు అది మంచి చెయ్యి పడిన ఆత్రం. నిర్లక్ష్యంగా నిట్టూర్చి పెంచేవాళ్ల దగ్గర జాగ్రత్త. అయితే దీనికి మనం ఇచ్చేదానికంటే తక్కువ విలువివ్వాలని నా అభిప్రాయం. 2017 జనవరిలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లు లిబ్రేటస్ అనే కంప్యూటర్ ప్రోగ్రాముని పిట్స్‌బర్గ్‌లో నలుగురు ప్రొఫెషనల్స్‌తో 1,20,000 పంపకాలు ఆడించారు. అదే గెలిచింది. దానికి మొహం లేదు, ఎదుటివాళ్ల మొహమూ చూడలేదు. ధారాళంగా బ్లఫ్ చేసింది. పాట్‌కి మించిన పందేలు వేసి ఆ నలుగురినీ చెమటలు పట్టించింది. పందేల వరస చదవడం వస్తే మొహం చదవడం ఎలాగూ వస్తుంది, కంగారు లేదు.

ఇక చట్టం. మన దగ్గర పేకాట మీద సుప్రీంకోర్టు చెప్పిన పెద్ద తీర్పుల్లో ఒకటి సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ కేసే. 1967 నాటి ఆ తీర్పులో, రమ్మీలో నైపుణ్యం పాలు ఎక్కువని, ఫ్లష్, బ్రాగ్ అని పిలిచే మూడు ముక్కలాట మాత్రం ఉత్త అదృష్టమని జస్టిస్ హిదయతుల్లా రాశారు. పోకర్ ఎటువైపు అన్నది తర్వాత హైకోర్టుల్లో ఎన్నోసార్లు వాదనకు వచ్చింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలు సవరించి, ఆన్‌లైన్లో డబ్బు పెట్టే ఆటల్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఆ వాదనను పక్కన పెట్టేసింది. నైపుణ్యమైనా అదృష్టమైనా సరే, ఆన్‌లైన్లో డబ్బు పెట్టి ఆడించే ఆటలు దేశమంతా వద్దు అంది. ప్రకటనలూ వద్దు, బ్యాంకులు ఆ లావాదేవీలు నడపకూడదు. ఫోన్లో ఆటలాడి అప్పులపాలైన కుటుంబాల కథలు మన జిల్లాల్లో అందరికీ తెలుసు. ఈ చట్టం మీద ఎవరి అభిప్రాయం వాళ్లది గానీ, ఏ యాప్ అయినా మీకు ఇంకా దొడ్డిదారి చూపిస్తోందంటే, అక్కడ బ్లఫ్ చేస్తున్నది మీరు కాదు, ఆ యాప్.

డబ్బు లేకుండా పోకర్ ఏం బాగుంటుందని కొందరంటారు. అందులో కొంత నిజముంది. పోయేదేమీ లేకపోతే ఎవరూ ముక్కలు పడేయరు, ఎవరూ పడేయకపోతే బ్లఫ్ ఉండదు. దానికి ఉపాయం ఉంది. తలా యాభై చింతపిక్కలు లెక్కపెట్టి ఇవ్వండి, అయిపోతే అరువు ఇవ్వకండి. పిక్కలయిపోయినవాళ్లు లేచి అందరికీ టీ పెట్టాలని షరతు పెట్టండి. పది నిమిషాల్లో మీ బావగారు కూడా జతను పడేయాలా వద్దా అని బుర్ర గోక్కుంటారు. మొదటి రోజు బ్లఫ్ జోలికి వెళ్లకుండా మంచి ముక్కలకే ఆడండి. ఎవరు ఎలా పందెం వేస్తున్నారో గమనించండి. రెండో రోజు ఒక్క సెమీ బ్లఫ్ వేసి చూడండి, నాలుగు ఇస్పేట్లు చేతికొచ్చి ఐదోదాని కోసం చూస్తున్నప్పుడు. ఫ్లాప్ దగ్గర ఆ పరిస్థితి ఉంటే మిగిలిన రెండు ముక్కల్లో ఐదో ఇస్పేటు పడే అవకాశం నూటికి 35. దొరికిపోతే చూపించి నవ్వేయండి. పారితే మాత్రం ముక్కలు బోర్లా తోసేయండి, ఎవరెంత బతిమాలినా చూపించకండి.